భూమి కదిలితే పరుగెత్తాలా, కూర్చోవాలా

మా అత్తయ్య ఒక విషయంలో నన్ను ముప్పై ఏళ్లుగా దెప్పుతూనే ఉన్నారు. 1993 సెప్టెంబర్ 30, తెల్లవారుజాము నాలుగు కావస్తోంది. నాచారంలో మేం అద్దెకున్న పోర్షన్‌లో మంచం కదిలింది, గూట్లో గిన్నెలు గలగలలాడాయి. మా వారు నైట్ షిఫ్ట్‌కి వెళ్లారు. మూడేళ్ల పాపను చంకనేసుకుని గేటు దాకా ఒక్కటే పరుగు తీశాను. వీధంతా జనం. అక్కడ నిలబడ్డాక గుర్తొచ్చింది, వెనక గదిలో అత్తయ్య నిద్రపోతున్నారని. నేను వెనక్కి తిరిగేలోపే ఆవిడ చీర సర్దుకుంటూ బయటికొచ్చి, "నన్ను లేపలేదేమే?" అన్నారు.

అంతే, ఇంకో మాట అనలేదు. కానీ ఆ తర్వాత ఏ పెళ్లికెళ్లినా, ఏ పేరంటానికెళ్లినా "భూకంపమొస్తే మా కోడలు నన్నొదిలేసి పోయింది" అని నవ్వుతూ చెప్పేవారు. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు.

ఆ ఉదయం రేడియోలో విన్నాం. మహారాష్ట్రలో, మనకు రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరాన, లాతూర్ జిల్లా కిల్లారి అనే ఊరు నేలమట్టమైందని. సమయం 3 గంటల 56 నిమిషాలు, తీవ్రత 6.2. దాదాపు పదివేల మంది పోయారు. వాళ్లూ ముందురోజు గణేశ్ నిమజ్జనం చేసుకుని ఆదమరచి పడుకున్నవాళ్లే. అక్కడి ఇళ్లకు అడుగుల మందం రాతిగోడలు, మధ్యలో సున్నమో సిమెంటో కాదు, బంకమట్టి. పైన దూలాలు, వాటి మీద మట్టి కప్పు. ఎండాకాలం చల్లగా ఉంటుందని ఏటా ఆ కప్పు మీద ఇంకొంచెం మట్టి వేసేవారట. అదే మీద పడింది. గడ్డి గుడిసెల్లో పడుకున్నవాళ్లు చాలామంది బతికారు.

దక్కన్ పీఠభూమి గట్టి రాయి, ఇక్కడ భూకంపాలు రావు అని మా చిన్నప్పుడు స్కూల్లో చెప్పేవారు. ఆ మాట నమ్మినవాళ్లలో నేనూ ఒకదాన్ని. విచిత్రమేమిటంటే భూమి లోపలి సంగతులు చదివే సంస్థ మా ఇంటికి కూతవేటు దూరంలోనే ఉంది. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, మనందరం పిలిచే ఎన్‌జీఆర్‌ఐ, 1961లో మొదలైంది. ఉప్పల్ రోడ్డు మీద ఇప్పుడు మెట్రో స్టేషన్‌కి కూడా అదే పేరు. బస్సులో ఎన్నోసార్లు ఆ గేటు ముందు నుంచి వెళ్లినా, అక్కడ ఏం చేస్తారో ఒక్కసారీ ఆలోచించలేదు. బస్టాప్ పేరు, అంతే.

నాకు అసలు పాఠం పరాయి దేశంలో దొరికింది. 2022లో అమ్మాయి రెండో కాన్పుకి కాలిఫోర్నియా వెళ్లాను. వాళ్లుండేది శాన్‌హోసే పక్కన మిల్పిటాస్‌లో. అక్టోబర్ 20న బడి నుంచి వచ్చిన ఆరేళ్ల మనవడు డైనింగ్ టేబుల్ కింద దూరి, ఒక చేత్తో మెడ కప్పుకుని, ఇంకో చేత్తో టేబుల్ కాలు పట్టుకుని చూపించాడు. ఏటా అక్టోబర్‌లో ఒక రోజు ఆ రాష్ట్రమంతా ఈ అభ్యాసం చేస్తారట. 2008లో దక్షిణ కాలిఫోర్నియాలో మొదలై తర్వాత చాలా దేశాలకు పాకింది. "అమ్మమ్మా, నువ్వూ రా" అన్నాడు. మోకాళ్ల నొప్పులు నాన్నా అని తప్పించుకున్నాను.

సరిగ్గా ఐదు రోజులకు, దీపావళి మర్నాడు, మంగళవారం ఉదయం 11 గంటల 42 నిమిషాలకు అమ్మాయి ఫోన్ వింతగా అరిచింది. అది చంటిదాన్ని గుండెకు అదుముకుని టేబుల్ కిందకి వెళ్తూ "అమ్మా, కింద కూర్చో!" అని అరిచింది. నేనేం చేశాను? తలుపు వైపు పరుగెత్తాను, ముప్పై ఏళ్ల కిందటి లాగానే. గొళ్లెం మీద చెయ్యి పడేసరికి ఊపు ఆగిపోయింది. తీవ్రత 5.1. షెల్ఫ్ మీద ఫొటో ఒకటి పడి అద్దం పగిలింది, సరిగ్గా నేను దాటి వచ్చిన చోట. సాయంత్రం మనవడు మొదట అడిగిన మాట, "అమ్మమ్మా, డ్రాప్ అయ్యావా?" ఫోన్‌లో అత్తయ్యకు చెబితే, "ఇక్కడ సూర్యగ్రహణం పట్టింది కదా, దాని వల్లే" అని తేల్చేశారు.

ఫోన్‌కి ముందే ఎలా తెలిసిందని అల్లుడిని అడిగాను. భూమి లోపల కదలిక మొదలైతే రెండు రకాల అలలు బయల్దేరతాయి. వేగంగా వచ్చేది మెల్లగా తడుతుంది, వెనక వచ్చేది గట్టిగా ఊపుతుంది. మెరుపు కనిపించాక ఉరుము వినిపించినట్టన్నమాట. మొదటి అలను యంత్రాలు పట్టుకుని ఫోన్లకు చెబుతాయి. దొరికేది కొన్ని సెకన్లే. బల్ల కిందకి వెళ్లడానికి చాలు, మెట్లు దిగడానికి చాలవు. భూకంపం రేపు వస్తుందని ముందుగా చెప్పగలిగేవాళ్లు మాత్రం ఎక్కడా లేరు. వాట్సాప్‌లో వచ్చేవి నమ్మకండి.

గుమ్మం కింద నిలబడాలని మా అమ్మ చెప్పేది. మీరూ విని ఉంటారు. అది కూడా పాత మాటేనట. వెనకటి మట్టిఇటుకల ఇళ్లు కూలాక గుమ్మాలు మాత్రం మిగిలి కనిపించడంతో పుట్టిన నమ్మకం. ఇప్పటి ఇళ్లలో గుమ్మానికి ప్రత్యేకమైన బలమేమీ లేదు, పైగా తలుపు వచ్చి కొడుతుంది.

వంటింటి విషయంలోనూ ఇంతే. 1923 సెప్టెంబర్ 1న జపాన్‌లో సరిగ్గా మధ్యాహ్నం వంటల వేళ, 11 గంటల 58 నిమిషాలకు భూకంపం వచ్చింది. టోక్యో, యొకొహామాల్లో పొయ్యిల నిప్పు కట్టె ఇళ్లకు అంటుకుంది. పోయిన లక్ష మందిలో ఎక్కువమంది మంటల్లోనే పోయారు. దాంతో "ముందు నిప్పు ఆర్పండి" అని తరతరాలుగా నేర్పారు. ఇప్పుడు అక్కడి గ్యాస్ మీటర్లు గట్టి కుదుపు వస్తే వాటంతటవే ఆగిపోతాయి కాబట్టి, ముందు మీ తల కాపాడుకోండి, ఊపు ఆగాక పొయ్యి సంగతి చూడండి అంటున్నారు. మన సిలిండర్‌కి ఆ ఏర్పాటు లేదు. నాబ్ మీద చెయ్యి ఉంటే తిప్పేయండి. సలసల కాగే నూనె మూకుడు మీదకు మాత్రం ఊపులో వంగకండి.

ఇవన్నీ చదివాక తెలిసిందేమిటంటే, పరుగెత్తాలా కూర్చోవాలా అన్నది ఇంటిని బట్టి ఉంటుంది. రాయీమట్టీ ఇంట్లో, నేల మీదే, వాకిలి రెండడుగుల్లో ఉంటే బయటపడటమే మేలు. మూడో అంతస్తులో ఉన్నవాళ్లు మెట్ల మీద పడి దెబ్బలు తినడమే ఎక్కువ. 1993లో నా పరుగు మరీ తప్పు కాదన్నమాట. అత్తయ్యను లేపకపోవడమే తప్పు.

అయితే బల్ల కింద కూర్చుంటే చాలదు, బిల్డింగ్ నిలబడాలి కదా. 1989 అక్టోబర్ 17న శాన్‌ఫ్రాన్సిస్కోలో మరీనా అనే పేటలో కింద కార్ల గరాజులు, పైన ఇళ్లు ఉన్న భవనాలు కుప్పకూలాయి. 2001 జనవరి 26న గుజరాత్ భూకంపానికి, కేంద్రం నుంచి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలాయి. వాటిలో చాలావాటికి కింద స్తంభాలు, పార్కింగ్ తప్ప గోడల్లేవు. పైన గోడలతో బరువు, కింద ఖాళీ. 2002లో సవరించిన నిబంధనల్లో అలాంటి అంతస్తు స్తంభాల్ని మామూలు లెక్కకన్నా రెండున్నర రెట్ల బలానికి కట్టాలని రాశారు. మా అపార్ట్‌మెంట్ 1998లో కట్టింది. కింద పార్కింగ్, ఒక మూల వాచ్‌మన్ కుటుంబం ఉండే గది. అసోసియేషన్ మీటింగ్‌లో ఒకసారి ఇంజనీర్‌తో చూపిద్దామంటే, "హైదరాబాద్ రెండో జోన్ అమ్మా, మనకేం కాదు" అన్నారు. ఆ పాత పటంలో కిల్లారి ఒకటో జోన్‌లో ఉండేది, అన్నింటికన్నా భయం లేని చోటు.

2024 డిసెంబర్ 4, బుధవారం, ఉదయం 7 గంటల 27 నిమిషాలు. ములుగు జిల్లాలో తీవ్రత 5.3. గోదావరి లోయలో 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చాక అంత పెద్దది ఇదేనట. నాచారంలో మూడో అంతస్తులో మాకూ తెలిసింది. అత్తయ్యకు ఇప్పుడు ఎనభై నాలుగు, వాకర్ లేనిదే నడవలేరు. మంచం మీద కాఫీ తాగుతున్నారు. మా వారు హాల్లోంచి "బయటికి, బయటికి!" అని కేకలు. నేను గదిలోకి వెళ్లి ఆవిడ తల మీద దిండు పెట్టి, పక్కనే మంచం అంచు పట్టుకుని కింద కూర్చున్నాను. మంచం మీద ఉన్నవాళ్లు మంచం మీదే ఉండి తల కప్పుకోవాలి. కుర్చీలో ఉంటే ముందుకు వంగి మెడ కప్పుకోవాలి. నా పని అది చూసుకోవడమే.

కొన్ని సెకన్లలో ఆగిపోయింది. దిండు కింద నుంచి అత్తయ్య, "కాఫీ ఒలికిందే" అన్నారు.

తలెత్తి చూస్తే సరిగ్గా ఆవిడ తలకు పైన అటక మీద ఇత్తడి గంగాళం. ఆవిడ పుట్టింటిది, ముగ్గురు పడితే గానీ లేవదు. ఎన్నిసార్లు తీయిద్దామన్నా ఒప్పుకునేవారు కాదు. ఆ సాయంత్రమే వాచ్‌మన్, వాళ్లబ్బాయి, మా వారు కలిసి దించారు. అందులో ఇప్పుడు ఉల్లిపాయలు పోస్తున్నాం. ఇంజనీర్ సంగతి మళ్లీ ఈ నెల మీటింగ్‌లో పెట్టాను. ఈసారి వాచ్‌మన్ భార్యను కూడా రమ్మన్నాను.