ఎస్‌ఈఓ ఆడిట్ పుట్టుపూర్వోత్తరాలు

ఒక వెబ్‌సైట్‌లోకి సెర్చ్ ఇంజిన్ రాగలుగుతోందా, వచ్చాక పేజీలను చదవగలుగుతోందా, వెతికేవారికి అవి కనబడకుండా ఏది అడ్డుపడుతోంది అని వరసగా పరీక్షించడమే ఎస్‌ఈఓ (సెర్చ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్) ఆడిట్. ఈ తనిఖీ జాబితాను ఎవరూ ఒక్కసారిగా కూర్చుని రాయలేదు. మూడు దశాబ్దాలలో వెబ్‌కు ఎదురైన చిక్కులూ, అక్కడ సాగిన మోసాలూ ఒక్కొక్కటే అందులోకి వచ్చి చేరాయి.

జాబితాలో అన్నిటికన్నా పాతది రోబోట్స్ ఫైలు. 1993 నాటికే పేజీ నుంచి పేజీకి తిరిగే క్రాలర్ ప్రోగ్రాములు పుట్టాయి. అవి ఊపిరి సలపనివ్వకుండా పేజీలు అడుగుతుంటే అప్పటి చిన్న సర్వర్లు తట్టుకోలేకపోయేవి. ఏ క్రాలర్ ఎక్కడికి రాకూడదో ప్రతి సైటూ ఒక చిన్న ఫైల్లో రాసిపెట్టాలని 1994లో మార్టైన్ కోస్టర్ ప్రతిపాదించారు. మాట మీద నడిచిన ఆ ఏర్పాటు 2022లో గానీ, ఇంటర్నెట్ ప్రమాణాలను రూపొందించే ఐఈటీఎఫ్ ప్రమాణపత్రంగా వెలువడలేదు. ఆ ఫైల్లో అన్ని క్రాలర్లకూ వర్తించే చోట ‘డిస్‌అలౌ’ అన్న మాట పక్కన ఒకే ఒక్క ఏటవాలు గీత ఉంటే సైటు మొత్తానికి తలుపు వేసినట్టే. సైటు తయారవుతున్నప్పుడు ఆ గీత పెట్టి, జనానికి తెరిచాక తీయడం మరిచిపోతుంటారు. అందుకే ఆడిట్ చేసేవారు ముందు ఆ ఫైలే తెరిచి చూస్తారు.

లోపలికి వచ్చిన క్రాలర్‌కు అక్కడున్నది అర్థం కావాలి. తెలుగు ఈ విషయంలో చాలా నష్టపోయింది. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్ 1991లో వచ్చింది; దాని తొలి వెర్షన్‌లోనే తెలుగుకు చోటు దొరికింది. అయినా 2000 దాటాక కూడా చాలా తెలుగు పత్రికల సైట్లు సొంత ఫాంట్లతోనే నడిచాయి. పాఠకుడికి తెర మీద చక్కటి తెలుగే కనబడేది. ఫైల్లో ఉన్నవి మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, విరామ చిహ్నాల సంకేతాలు. సెర్చ్ ఇంజిన్‌కు అందేది ఆ గజిబిజే కనుక, తెలుగులో టైపు చేసి వెతికితే ఆ వార్తలు దొరికేవి కావు. అలాంటి పేజీలను యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి ఫైర్‌ఫాక్స్‌లో ‘పద్మ’ అనే ఎక్స్‌టెన్షన్ వచ్చింది గానీ, అది ఆదుకున్నది చదివేవారిని మాత్రమే. ఏళ్ల తరబడి రాసిన తెలుగు అలా వెతుకులాటకు అందకుండా ఉండిపోయింది. పేజీ ఎన్‌కోడింగ్ సరిగా ఉందా అన్న పరీక్ష విలువ తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు.

మోసాల చరిత్ర కీవర్డ్ మెటా ట్యాగుతో మొదలైంది. పేజీ దేని గురించో సైటు యజమానే అందులో చెప్పుకునేవాడు; సంబంధం లేని మాటలు గుప్పించడం, తెల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాలు దాచడం మామూలైపోయాయి. 1998లో ఏర్పడిన గూగుల్ బయటి నుంచి వచ్చే లింకులకు విలువ కట్టడంతో లింకులే సరుకయ్యాయి. ర్యాంకింగ్‌లో ఆ కీవర్డ్ ట్యాగును తాము లెక్కలోకి తీసుకోవడం లేదని 2009లో గూగుల్ ప్రకటించింది.

ఆడిట్‌కు అసలైన గిరాకీ తెచ్చినవి గూగుల్ చేసిన రెండు మార్పులు. 2011 ఫిబ్రవరిలో వచ్చిన పాండా పసలేని పేజీలను వెనక్కి నెట్టింది. అమెరికాలో దాదాపు 12 శాతం వెతుకులాటల ఫలితాలు మారాయి. 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ కొనుక్కున్న లింకుల మీద పడింది. రాత్రికి రాత్రి సందర్శకులను పోగొట్టుకున్న సైట్లకు తప్పు ఎక్కడుందో తవ్వి చెప్పేవారు అవసరమయ్యారు. పనిముట్లు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి: తెగిన లింకులను పట్టే జీనూ, 2005లో వచ్చిన గూగుల్ సైట్‌మ్యాప్స్, 2010లో బ్రిటన్ నుంచి వచ్చిన స్క్రీమింగ్ ఫ్రాగ్. ఆ సైట్‌మ్యాప్స్ సేవే పేర్లు మారుతూ 2015లో సెర్చ్ కన్సోల్ అయింది.

2015 ఏప్రిల్‌లో మొబైల్‌కు నప్పడం, 2021లో వేగం, స్థిరత్వం జాబితాకెక్కాయి. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనబడాలి. నొక్కిన బటన్‌కు 200 మిల్లీసెకన్లలోపు స్పందన రావాలన్న కొలత, పాత కొలత స్థానంలో 2024 మార్చిలో అమల్లోకి వచ్చింది.