ఫర్మ్‌వేర్ అప్‌డేట్ (సర్వర్ ఎస్‌ఎస్‌డీలు)

సర్వర్‌లోని ఎస్‌ఎస్‌డీని లోపలి నుంచి నడిపించే ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. అందులో ఒక్క తప్పు ఎంత నష్టం చేయగలదో 2019 నవంబరులో తేలింది. తాను అమ్మిన కొన్ని శాస్ ఎస్‌ఎస్‌డీలు 32,768 గంటలు, అంటే 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలు నడిచాక డేటాతో సహా పోతాయని హెచ్‌పీఈ సంస్థే ప్రకటించింది. ఆ తప్పును దిద్దిన ఫర్మ్‌వేర్ వెర్షన్ హెచ్‌పీడీ8. ఒకేరోజు బిగించిన డ్రైవులు దాదాపు ఒకేసారి పోతాయి గనుక, పలు డ్రైవులను కలిపి డేటాను కాపాడే రెయిడ్ కూడా పనికిరాదు. భిలాయి ఉక్కు కర్మాగారంలాంటి రేయింబవళ్ల పరిశ్రమల్లో సర్వర్లను ఆపడమే కష్టం. అక్కడ గంటల లెక్క మరింత ముఖ్యం.

అప్‌డేట్ విఫలమైతే ఫైలు ఆ మోడల్‌దేనా, రెయిడ్ కంట్రోలర్ డ్రైవును దాచిపెడుతోందా అన్నవి ముందు చూడాలి. ఎన్‌వీఎంఈ డ్రైవులో పాత వెర్షనే కనిపిస్తుంటే, రీసెట్ జరగకపోవడం కారణం కావచ్చు. బ్యాకప్ లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దు.