డబ్బు పాయల పటం: చిట్టా నుండి చిత్రానికి

ధవళేశ్వరం ఆనకట్ట నుండి బయలుదేరిన నీరు ఏ చేనికి చేరినదో తెలుసుకొనవలెనంటే, మనం ప్రతి చెంబెడు నీళ్ళ వెంట పరుగెత్తము. కాలువల పటం తెరచి, పెద్ద కాలువ ఎక్కడ చీలినది, ఏ పిల్ల కాలువ నుండి ఏ బోదెకు నీరు పోయినది చూస్తాము. యానాంలో ఉండేవారికి గౌతమి నుండి కోరింగ పాయ విడిపోవటం రోజూ కంటబడే దృశ్యమే. డబ్బు కూడ ఇట్లే చీలుతుంది, కలుస్తుంది. క్రిప్టో నాణెముల విషయంలో ఈ పాయల పటం గీయటం శాస్త్రజ్ఞులు ఎట్లా నేర్చుకొన్నారో ఈ వ్యాసంలో చూద్దాము.

నేను ఈ విషయం వెంట పడటానికి కారణం నా పూర్వ విద్యార్థి ఒకడు. ఒకనాటి సాయంత్రం ఫోను పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. రొయ్యల పంట అమ్మగా వచ్చిన డబ్బు తండ్రి వద్ద ఉన్నదట. రోజురోజుకు ధర పెరుగుతున్న ఒక టోకెన్ మీద దానిని పెట్టవలెనని వాని ఆశ.

“మాస్టారండీ, ఇది కొంటే ఎలా ఉంటుందండీ?”

“ఇప్పటికే అది ఎవరి చేతుల్లో ఉన్నదో చూశావా?”

“వేలమంది దగ్గర ఉందటండీ.”

వేలమంది దగ్గర కొంచెం కొంచెం ఉండటం వేరు, చాల భాగం వేలమంది చేతుల్లో ఉండటం వేరు. ఈ భేదం తెలియాలంటే మొదట లెక్క వ్రాసే పద్ధతి తెలియాలి.

యానాం ఫ్రెంచివారి పాలనలో ఉన్న రోజులలో ఇక్కడ ఇండోచైనా బ్యాంకు ముద్రించిన రూపాయి నోట్లు చెల్లేవి. రూపాయికి 8 ఫణాలు. 1954లో ఈ ప్రాంతం భారతదేశ పరిపాలన క్రిందికి వచ్చిన తరువాత మన రూపాయి వాటి స్థానాన్ని ఆక్రమించినది. ఆ నోటుకు గాని, ఈ నోటుకు గాని గుణం ఒక్కటే: ఎవరి చేతిలో ఉంటే వారిదే. అది ఎన్ని చేతులు మారినదో నోటు చెప్పదు.

కోమటి కొట్టులోని లెక్క అట్లా కాదు. మన పెద్దలు రెండు పుస్తకాలు ఉంచేవారు. ఏ రోజు ఇచ్చిపుచ్చుకొన్నది ఆ రోజు వరుసగా వ్రాసేది చిట్టా. మనిషికొక పుట చొప్పున నిలువ తేల్చి వ్రాసేది ఆవర్జా. చిట్టా సరిగా ఉంటే ఆవర్జాను ఎప్పుడైనా తిరిగి తయారు చేయవచ్చును.

2008 అక్టోబరు 31న సతోషీ నకమోటో అనే పేరుతో ఒక వ్యాసం వెలువడినది. ఆ పేరు వెనుక ఉన్నది ఎవరో నేటికీ నిర్ధారణ కాలేదు. ఆ వ్యాసంలోని బిట్‌కాయిన్ వ్యవస్థ 2009 జనవరి 3న మొదటి పుట వ్రాసుకొన్నది. ఇది ఒక బహిరంగ చిట్టా. ప్రపంచంలో ఎవరైనా దీని నకలు ఉంచుకొనవచ్చును, మొదటి పుట నుండి చదువవచ్చును. అయితే ఇందులో మనుష్యుల పేర్లు ఉండవు. అక్షరాలు, అంకెలు కలిసిన పొడవైన చిరునామాలు ఉంటాయి. ఆ చిరునామాలకు సంబంధించిన రహస్య తాళపు చెవులను భద్రపరచుకొనే సాధనమే వాలెట్. ఒక మనిషికి వంద చిరునామాలు ఉన్నా అడిగేవారు లేరు.

మరి ఇన్ని చిరునామాల నడుమ సంబంధం కనుగొనటం ఎట్లా? 1736లో ఆయిలర్ అనే గణితవేత్త కోనిగ్స్‌బర్గు నగరంలోని ఏడు వంతెనల చిక్కును విడదీస్తూ, నేల ముక్కలను, వాటిని కలిపే వంతెనలను అక్షరాలతో సూచించాడు. ఆ ఆలోచన నుండి పుట్టిన గణితశాఖే ఇక్కడ అక్కరకు వచ్చినది. చిరునామా ఒక బిందువు. చెల్లింపు ఒక బాణపు గీత. 2011లో డబ్లిన్ నగరంలో రీడ్, హారిగన్ అనే పరిశోధకులు ఈ విధంగా బిట్‌కాయిన్ చిట్టాను వలగా మార్చి, దొంగిలింపబడిన 25,000 బిట్‌కాయిన్‌లు నడచిన దారిని చూపారు. మరుసటి సంవత్సరం ఇజ్రాయెల్‌లో రాన్, షమీర్ అనేవారు పెద్ద చెల్లింపులన్నిటి వంశవృక్షాన్ని పరిశీలించారు. 2013లో మైకల్‌జాన్, ఆమె సహచరులు మరొక అడుగు వేశారు. వారు స్వయంగా 344 లావాదేవీలు జరిపి, ఏ చిరునామా ఏ సంస్థదో గుర్తులు పెట్టుకొన్నారు.

వీరు వాడిన సూత్రాలు రెండు. మొదటిది: ఒకే చెల్లింపులో మూడు చిరునామాల సొమ్ము కలిసి పోయినదంటే, మూడింటి తాళపు చెవులూ ఒకరి వద్దనే ఉండి ఉండవచ్చును. రెండవది: పెద్ద నోటు ఇచ్చి చిల్లర తీసుకొన్నట్లు, మిగిలిన సొమ్ము చెల్లించినవాని క్రొత్త చిరునామాకే తిరిగి వస్తుంది. ఆ చిల్లర చిరునామాను గుర్తిస్తే గొలుసులో మరొక లంకె దొరుకుతుంది. ఇవి నియమాలు కావు, ఊహలు మాత్రమే. పలువురు కావాలని తమ చెల్లింపులను ఒకటిగా కలిపినప్పుడు మొదటి సూత్రం తప్పుదారి పట్టిస్తుంది.

2015 జూలైలో ఎథీరియం వ్యవస్థ వచ్చినది. బిట్‌కాయిన్ చిట్టాను పోలినదైతే, ఎథీరియం ప్రతి చిరునామా నిలువను కూడ ఉంచుకొనే ఆవర్జా వంటిది. దీని మీద ఎవరైనా కొద్ది పంక్తుల ప్రోగ్రాము వ్రాసి తన టోకెన్‌ను విడుదల చేయవచ్చును. కాబట్టి ఎవరి వద్ద ఎంత ఉన్నదో పటం గీయటం సులభమైనది. ఒక్కొక్క చిరునామాకు ఒక వృత్తం. నిలువ ఎంత ఉంటే వృత్తం అంత పెద్దది. సొమ్ము ఇచ్చిపుచ్చుకొన్న వృత్తాల మధ్య గీత.

ఒక చిన్న లెక్క చేద్దాము. ఒక టోకెన్‌లో పది చిరునామాల వద్ద నూటికి ఆరు వంతున ఉన్నదనుకోండి. మొత్తం నూటికి అరవై. ఏ ఒక్కరూ పెత్తందారుగా కనబడరు. కాని ఎథీరియం మీద టోకెన్ పంపటానికి సాధారణంగా ఈథర్ రూపంలో రుసుము చెల్లించాలి. అందుచేత క్రొత్త చిరునామాకు తొలి ఈథర్ ఎక్కడి నుండో రావాలి. ఆ పదింటికీ తొలి ఈథర్ ఒకే సాధారణ చిరునామా నుండి వచ్చినదని గీతలు చూపితే, పదిమంది వెనుక ఒక్కడే ఉన్నాడేమోనని అనుమానించవలసి ఉంటుంది. అతడు ఒక్కసారి అమ్మివేస్తే ధర కూలుతుంది. చివరకు కొన్నవారు మునుగుతారు.

అయితే ఇక్కడ తొందరపాటు కూడదు. నాణెములు మార్చే సంస్థ తన వేలాది ఖాతాదారుల సొమ్మును ఒకే చిరునామాలో ఉంచవచ్చును. అప్పుడు పెద్ద వృత్తం ఒక్కరి ఆస్తి కాదు. పదింటికి తొలి ఈథర్ ఇచ్చినది అటువంటి సంస్థ అయితే, ఆ గీతల వల్ల ఏమీ రుజువు కాదు. సంపద పంపిణీని వక్రరేఖతో చూపటం 1905లో లోరెంజ్, ఒక్క అంకెతో కొలవటం 1912లో గీనీ నేర్పారు. ఆ కొలతలనే చిరునామాలకు గ్రుడ్డిగా వర్తింపజేస్తే, ఒకడు పదిమందిగా చీలినప్పుడు సమానత్వం ఎక్కువగాను, పదిమంది సొమ్ము ఒకచోట చేరినప్పుడు తక్కువగాను కనబడుతుంది. ముందు వృత్తాలను సరిగా గుంపులు కట్టి, ఆ తరువాతనే కొలవాలి.

ఈ పటాలకు న్యాయస్థానాలలో కూడ పని పడినది. 2016 ఆగస్టులో బిట్‌ఫినెక్స్ సంస్థ నుండి 1,19,756 బిట్‌కాయిన్‌లు పోయాయి. వాటి జాడ పట్టి, 2022 ఫిబ్రవరిలో అమెరికా అధికారులు సుమారు 94,000 స్వాధీనం చేసుకొన్నారు. మన దేశంలో 2024 జూలై 18న వజీర్‌ఎక్స్ సంస్థ నుండి సుమారు 23 కోట్ల డాలర్ల విలువగల టోకెన్‌లు దొంగల పాలైనాయి. ఆ సొమ్ము ఒక చిరునామా నుండి మరొకదానికి పోవటాన్ని ప్రపంచమంతా చూచినది. చూడటం వేరు, తిరిగి రాబట్టటం వేరు. పటానికి పేరు జతపడేది సాధారణంగా ఒడ్డున, అనగా నాణెమును రూపాయలుగా మార్చే చోట. 2023 మార్చిలో మన ప్రభుత్వం అటువంటి సంస్థలను అక్రమ ధన చలామణీ నిరోధక చట్టం పరిధిలోకి తెచ్చినది. ఖాతాదారు ఎవరో వారు నిర్ధారించుకొనవలసి ఉంటుంది.

ఇక మా కుర్రవాని సంగతి. ఆ రాత్రి మేము పెద్ద కాగితం మీద ఆ టోకెన్ పెద్ద యజమానుల వృత్తాలు గీశాము. తొలి ఈథర్ ఎవరిచ్చారో ఒక్కొక్కటే చూచి గీతలు కలిపాము. చాల గీతలు ఒకే చిన్న వృత్తం వద్దకు పోయినవి. అది మార్పిడి సంస్థ చిరునామా అనే గుర్తు ఎక్కడా కనబడలేదు. ఇది మోసమని నేను వానితో అనలేదు. రుజువు లేని మాట అనటం శాస్త్రం కాదు. వాడే కాగితం వంక చాలసేపు చూచి, “ఇన్ని బోదెలకూ తూము ఒక్కటేనండీ” అన్నాడు.

తండ్రి డబ్బు మరుసటి పంట మేతకు పోయినది. ఆ కాగితాన్ని నేను తరగతికి తీసుకొనిపోయి నల్లబల్ల ప్రక్కన అంటించాను. ఉపాధ్యాయులు ఈ లెక్కను పదిమంది విద్యార్థులతో, చింతగింజలతో, ఒక చిట్టా పుస్తకంతో తమ బడిలోనే చేయించి చూడవచ్చును. పేర్లకు బదులు అంకెలు ఇచ్చి గింజలు చేతులు మార్పించండి. తరువాత చిట్టా మాత్రం చూచి ఎవరు ఎవరో కనుక్కోమనండి. చిట్టా అబద్ధం చెప్పకపోయినా, దానిని చదివేవాడు ఎన్నిసార్లు పొరబడగలడో పిల్లలకు వెంటనే తెలిసివస్తుంది.