అంబ్రెల్లా కంపెనీ కాంట్రాక్టర్లు: జీతం తేదీ, పన్ను మినహాయింపు

బ్రిటన్‌లో అంబ్రెల్లా కంపెనీ (కాంట్రాక్టర్‌ను తన ఉద్యోగిగా చేర్చుకుని జీతం చెల్లించే సంస్థ) ద్వారా పనిచేసే కాంట్రాక్టర్‌కు ఏటా వర్తించే 12,570 పౌండ్ల వ్యక్తిగత పన్ను మినహాయింపు, పనిచేసిన రోజును కాక జీతం చెల్లించిన తేదీని బట్టి లెక్కకు వచ్చే వెసులుబాటు. అక్కడి పన్ను సంవత్సరం ఏప్రిల్ 6న మొదలవుతుంది; మార్చి చివరి వారం పనికి ఏప్రిల్ 8న జీతం పడితే అది కొత్త ఏడాది ఆదాయమే. ఆ మినహాయింపును సూచించే 1257ఎల్ పన్ను కోడ్‌ను సంచిత పద్ధతిలో అమలుచేస్తే వారానికి సుమారు 242 పౌండ్ల మినహాయింపు పోగవుతుంది. నాలుగు వారాల జీతం ఆగి ఒకేసారి వచ్చినా దాదాపు 967 పౌండ్లపై పన్ను పడదు. కనుక అదే పన్ను సంవత్సరంలో జరిగే ఆలస్యం వల్ల నష్టం లేదన్న వాదన ఆదాయపు పన్ను వరకు సబబే. జాతీయ బీమా చందాకు మాత్రం అది నిలవదు. దాన్ని సాధారణంగా ఏ జీతకాలానికి ఆ జీతకాలానికే లెక్కిస్తారు, జీతం లేని వారాల చందారహిత పరిమితి ముందుకు రాదు. ఇక ఆదాయపు పన్నులో, వారపు జీతం సంవత్సరం చివరి రోజైన ఏప్రిల్ 5న పడితే 53వ వారం ఏర్పడి అదనపు మినహాయింపు ఇస్తారు. ఏడాది మొత్తంలో హక్కుకు మించిన భాగంపై పన్నును తర్వాత వసూలు చేయవచ్చు.