సింగిల్ క్యాబ్ పికప్: గుంటూరు, ప్రకాశం పత్తి–మిర్చి సీమలో ఎవరికి సరిపోతుంది

ముందు ఒకే వరుస సీటు, వెనక తెరిచిన తొట్టి ఉన్న చిన్న సరుకుల బండిని సింగిల్ క్యాబ్ పికప్ అంటారు. డ్రైవరు పక్కన ఒకరో ఇద్దరో కూర్చోవచ్చు. మిగతా పొడవంతా సరుకుదే. టాటా ఏస్, మారుతి సూపర్ క్యారీ లాంటి ముప్పాతిక టన్ను మినీ ట్రక్కుల దగ్గర్నుంచి అశోక్ లేలాండ్ దోస్త్, మహీంద్రా బొలెరో పికప్, ఐసుజు డీ-మ్యాక్స్ లాంటి టన్నుంపావు, ఆపైన మోసే బండ్ల దాకా అన్నీ ఈ కోవలోకే వస్తాయి. అమరావతి చుట్టూ ఉన్న గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో మిర్చి, పత్తి, పాలు, కూరగాయలు, పురుగుమందులు, సిమెంటు తోలుతూ ఇవి ప్రతి ఊళ్లోనూ కనిపిస్తాయి.

ఏడాది పొడవునా టన్నుకు అటూ ఇటూగా సరుకు దొరికేవాళ్లకు ఇది పనికొచ్చే బండి. ఏటా నాలుగైదు రోజులు పంట తోలుకుంటే పని తీరిపోయే రైతుకు బాడుగ బండే మేలు. ఈ ఇద్దరికీ మధ్యలో ఉన్నవాళ్లే లెక్క జాగ్రత్తగా చూసుకోవాలి.

ఈ బండ్లు వచ్చిన దారి

తెలుగు నేల మీద చిన్న లారీల తయారీ కొత్తది కాదు. ప్రభుత్వ రంగంలోని హైదరాబాద్ ఆల్విన్ 1980లలో జపాన్‌కు చెందిన నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో తేలికపాటి లారీలు తయారు చేసింది. ఆ దశాబ్దం ముగిసేసరికి అది మహీంద్రా చేతికి వెళ్లింది. 2015లో వచ్చిన మహీంద్రా జీతో కూడా జహీరాబాద్‌లోనే తయారైంది.

అసలు మార్పు 2005 మేలో టాటా ఏస్‌తో వచ్చింది. 700 సీసీ రెండు సిలిండర్ల డీజిల్ ఇంజను, 16 హార్స్‌పవర్, నాలుగు చక్రాలు. అంతవరకు మూడు చక్రాల ట్రాలీ ఆటో తోలినవాళ్లు కాస్త ఎక్కువ పెట్టుబడితో నాలుగు చక్రాల బండికి యజమానులయ్యారు. 2011లో అశోక్ లేలాండ్, నిస్సాన్ కలిసి తెచ్చిన దోస్త్ టన్నుంపావు తరగతిలో బొలెరో పికప్‌కు పోటీ ఇచ్చింది. 2016 ఏప్రిల్‌లో శ్రీసిటీలో ఐసుజు కర్మాగారం ప్రారంభమయ్యాక డీ-మ్యాక్స్ పికప్‌లు ఆంధ్రలోనే తయారవుతున్నాయి.

జపాన్ పల్లెల్లో వాడే కేయ్ ట్రక్కు వీటికి దగ్గరి చుట్టం. అక్కడి చట్టం దాని ఇంజనును 660 సీసీకి, మోసే బరువును 350 కిలోలకు పరిమితం చేసింది. అక్కడి చిన్న కమతాలకు అది చాలు. మన యార్డులకు వెళ్లే మిర్చి బస్తాల, అంటే టిక్కీల, ముందు అది నిలవదు.

తొట్టిలో ఎంత పడుతుంది

బండి చూడబోయేవాళ్లు ముందు తమ సరుకును తూచుకోవాలి. గుంటూరు మిర్చి యార్డుకు వచ్చే టిక్కీ బరువు సుమారు 40 నుంచి 45 కిలోలు. 750 కిలోలు మోసే మినీ ట్రక్కులో చట్టం ప్రకారం పదిహేడు, పద్దెనిమిదికి మించి పట్టవు. 1,250 కిలోల బండిలో ఇరవై తొమ్మిది, ముప్పై పడతాయి. ఎకరానికి 20 క్వింటాళ్లు పండిన రెండెకరాల మిర్చి 40 క్వింటాళ్లు, అంటే తొంభై అయిదు టిక్కీల దాకా అవుతుంది. అదంతా ఒకేసారి తోలాలంటే మినీ ట్రక్కు ఆరుసార్లు, పెద్ద పికప్ నాలుగుసార్లు తిరగాలి. ఒక్క లారీ ఆ పనిని ఒక్క ట్రిప్పులో ముగిస్తుంది.

అయితే మిర్చి ఒకేసారి ఇంటికి రాదు. కోత తర్వాత కోత వస్తుంది. ఒక్కో కోత కల్లంలో రోజుల తరబడి ఎండుతుంది, తాలు ఏరాలి, టిక్కీలు తొక్కాలి. పది క్వింటాళ్ల కోతకు ఇరవై నాలుగు టిక్కీలు. ధర బాగున్న రోజు చూసుకుని ఆ ఇరవై నాలుగింటిని రాత్రికి రాత్రి యార్డుకు చేర్చాలనుకునే రైతుకు టన్నుంపావు పికప్ కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. లారీ నిండేదాకా పక్క రైతుల సరుకు కోసం ఎదురు చూడనక్కర్లేదు. ఈ బండికి అనుకూలంగా చెప్పగలిగిన బలమైన మాట నా దృష్టిలో ఇదే.

మిర్చి ఎత్తే తీరు దగ్గరగా చూస్తే ఈ బండి బలం, బలహీనత రెండూ తెలుస్తాయి. ఏడడుగుల పొడవు, అయిదడుగుల లోపు వెడల్పు ఉన్న ఏస్ తొట్టిలో ఒక వరుసకు నాలుగైదు టిక్కీలే కూర్చుంటాయి. పదిహేడు ఎక్కేసరికి మోపు క్యాబ్ నెత్తిని దాటి పోతుంది. ఎండుమిర్చి తేలిక సరుకు కాబట్టి ఇంకో నాలుగు వేసినా ఏం కాదనిపిస్తుంది. హమాలీ మోకాలు ఆన్చి తాడు బిగిస్తుంటే వెనక కమాన్ పట్టీలు తిరగబడ్డట్టు వంగుతాయి, ముందు చక్రాల మీద భారం తగ్గి స్టీరింగ్ తేలికవుతుంది. డ్రైవర్లు దీన్ని "ముందు లేస్తోంది" అంటారు. మలుపులో, బ్రేకు వేసినప్పుడు ప్రమాదం అక్కడే పొంచి ఉంటుంది. ఎత్తుగా కట్టిన మోపుకు పక్కగాలి కూడా తోడైతే హైవే మీద బండి ఊగుతుంది. తూకం కాటా మీద సరిగ్గా ఉన్నా మోపు ఎత్తు ఎక్కువైతే పెద్ద తొట్టి బండి తీసుకోవాలన్నమాట.

పత్తి లెక్క వేరు. బోరాల్లో తొక్కిన పత్తి తొట్టి నిండి, పైన మనిషెత్తు లేచినా బరువు టన్నుకు చేరకపోవచ్చు. అక్కడ ఎన్ని కిలోలు మోస్తుందనే దానికంటే తొట్టి ఎన్ని అడుగులన్నది ముఖ్యం. పత్తి మీద టార్పాలిన్ పట్టా తప్పనిసరి. భారత పత్తి సంస్థ కొనుగోలు కేంద్రాల్లో తేమ 12 శాతం దాటితే మద్దతు ధర దక్కదు. దారిలో ఒక్క జల్లు పడినా ఆ గీత దాటిపోతుంది. పత్తి ఎక్కువగా పండించి, ఇంట్లో ట్రాక్టరు, దాని ట్రాలీ ఉన్న రైతుకు పికప్ అదనపు ఖర్చే.

సిమెంటు మోసేవాళ్లకు లెక్క సులువు. 50 కిలోల బస్తాలు ముప్పాతిక టన్ను బండికి పదిహేను, టన్నుంపావు బండికి ఇరవై అయిదు. 2025 మే 2న అమరావతి రాజధాని పనులు మళ్లీ మొదలయ్యాక తుళ్లూరు, మందడం, మంగళగిరి వైపు టైల్సు, పైపులు, శానిటరీ సామాను తోలే పని ఈ బండ్లకు ఉంది. ఇనుప చువ్వల జోలికి మాత్రం వెళ్లకపోవడం మంచిది. పూర్తి పొడవు చువ్వ సుమారు 40 అడుగులుంటుంది, వంచి మడిచినా తొట్టి దాటి వెనక్కి పొడుచుకొస్తుంది.

నల్లరేగడి, ఘాట్, గల్లీ

పొలం డొంకలో ఈ బండ్ల పరిమితి బయటపడుతుంది. ఇవి దాదాపు అన్నీ వెనక చక్రాలతో నడిచేవే. తొట్టి ఖాళీగా ఉంటే వెనక బరువుండదు, తడి నల్లరేగడిలో చక్రం అక్కడే తిరుగుతుంది. మొదటి పత్తి తీతలు, ఈశాన్య రుతుపవన వానలు ఒకే నెలల్లో వస్తాయి కాబట్టి పికప్ చేలో దిగబడిపోయి ట్రాక్టరుతో లాగించే పని ఈ ప్రాంతంలో ఏటా ఉండేదే. పొలం గట్టు నుంచి కల్లం దాకా ట్రాక్టరు, కల్లం నుంచి యార్డు దాకా పికప్ అని పని పంచుకున్నవాళ్లు తెలివైనవాళ్లు.

దూరం, ఎత్తు కూడా చూడాలి. తాడికొండ, అమరావతి వైపు నుంచి గుంటూరుకు మినీ ట్రక్కు చాలు. మాచర్ల, వినుకొండ, మార్కాపురం నుంచి రోజూ గుంటూరు వచ్చేవాళ్లకు, దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కేవాళ్లకు చిన్న ఇంజను బండి నిండు బరువుతో నీరసిస్తుంది. అక్కడ ఇంజను ముందు భాగంలో ఉన్న బొలెరో, డీ-మ్యాక్స్ తరగతి మేలు. సీటు కింద ఇంజను ఉన్న బండ్లలో మే నెల ఎండకు క్యాబ్ కొలిమి అవుతుంది. రోజూ ఎనిమిది గంటలు తోలే డ్రైవరుకు ఇది చిన్న సంగతేం కాదు.

గుంటూరు పట్నంబజారు లాంటి ఇరుకు బజార్లలో మాత్రం చిన్న బండిదే రాజ్యం. ఏస్ తిరగడానికి 4.3 మీటర్ల వ్యాసార్ధం చాలు. రోజుకు పది షాపులకు సరుకు దించే డిస్ట్రిబ్యూటరుకు పెద్ద పికప్ బరువు చేటు.

ఇంధనం విషయంలో ఒక్క హెచ్చరిక. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు వచ్చాయి. చాలా డీజిల్ బండ్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది; ఎప్పుడూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగితే అది వేడెక్కక మూసుకుపోతుంది. ఊళ్లో తిరిగే పనికి పెట్రోలు, సీఎన్‌జీ రకాలు నయం. సీఎన్‌జీ సిలిండరు బరువు సరుకు బరువులోంచే పోతుంది. బంకు మీ దారిలో ఉందో లేదో కూడా చూసుకోవాలి.

లైసెన్సు, పర్మిట్, మనుషులు

మొత్తం బరువు 7,500 కిలోల లోపున్న రవాణా వాహనాన్ని మామూలు ఎల్ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) లైసెన్సుతో నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తేల్చింది. పికప్‌లన్నీ ఆ పరిధిలోవే. మోటారు వాహనాల చట్టం 66వ సెక్షను ప్రకారం సరుకుతో కలిపి 3,000 కిలోలు మించని బండికి పర్మిట్ అక్కర్లేదు. ఏస్, దోస్త్ ఈ గీతకు లోపలే ఉంటాయి. 1.7 టన్నులు మోసే పెద్ద రకాలు దాటిపోతాయి. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) మొదటి ఎనిమిదేళ్లూ రెండేళ్లకోసారి, తర్వాత ఏటా. అధిక బరువుకు 2019 సవరణ ప్రకారం 20,000 రూపాయలు, దానిపై ప్రతి అదనపు టన్నుకు 2,000 చొప్పున జరిమానా.

మిర్చి కోతల కాలంలో సరుకుల బండిలో కూలీలను ఎక్కించడం ఈ సీమలో అలవాటుగా మారింది. 2020 మే 14న ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర మిర్చి కోసి తిరిగొస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని ఢీకొని పలువురు ప్రాణాలు కోల్పోయారు. పికప్ తొట్టి కూడా మనుషుల కోసం చేసింది కాదు. పట్టుకోవడానికి ఏమీ ఉండదు, సరుకుల బండి బీమా వాళ్లకు వర్తించదు. రోజూ ముఠాను పొలానికి తీసుకెళ్లాల్సినవాళ్లు సింగిల్ క్యాబ్ కొననే కూడదు. నలుగురే అయితే రెండు వరుసల సీట్లున్న బొలెరో క్యాంపర్ లాంటి బండి తీసుకోవచ్చు. ముఠా పెద్దదైతే ప్రయాణికుల వాహనాన్నే మాట్లాడుకోవాలి.

డబ్బు లెక్క

2025 సెప్టెంబరు 22 నుంచి సరుకుల వాహనాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి, ట్రాక్టర్ల మీద 12 నుంచి 5 శాతానికి తగ్గింది. రెండూ చౌకయ్యాయి గానీ ట్రాక్టరు మీద పన్ను ఇప్పటికీ చాలా తక్కువ. పొలం పని కూడా ఉన్నవాళ్లు దీన్ని మరవకూడదు.

ఎనిమిది లక్షల అప్పు, 11 శాతం వడ్డీ, అయిదేళ్లు అనుకుంటే నెల కిస్తీ సుమారు 17,400 రూపాయలు. బీమా, ఎఫ్‌సీ, టైర్లు, డ్రైవరు జీతం దాని మీద అదనం. మిర్చి రద్దీ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ చివరిదాకా. మే నెలలో యార్డుకు వేసవి సెలవులొస్తాయి. పత్తి అక్టోబరు నుంచి జనవరి దాకా. మే నుంచి సెప్టెంబరు వరకు మిగిలిన అయిదు నెలలూ కిస్తీ ఎక్కడినుంచి కడతారన్నది బండి కొనకముందే కాగితం మీద తేలాలి. అప్పుడు విత్తనాలు, ఎరువులు, నర్సరీ నారు, పాల క్యాన్లు, కూరగాయలు తోలే బేరం ఉన్నవాళ్లు నిలబడతారు. సీజనును మాత్రమే నమ్ముకుని ఫైనాన్స్ తెచ్చుకున్నవాళ్ల బండ్లు కిస్తీలు తప్పి చేతులు మారుతుంటాయి.

ఒకే ఆధారం మీద నిలిచే బండి ఎంత బలహీనమో చెప్పే పెద్ద ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఉంది. ఇంటింటికీ రేషన్ పంచడానికి 9,260 మొబైల్ వాహనాల పథకం 2021 జనవరి 21న విజయవాడలో ప్రారంభమైంది. 60 శాతం రాయితీ, 30 శాతం బ్యాంకు అప్పు, 10 శాతం లబ్ధిదారు వాటాతో నిరుద్యోగ యువతకు ఇచ్చిన మినీ ట్రక్కులవి. తెరిచిన తొట్టి బదులు రేషన్ పనికి తగ్గట్టు మూసిన బాడీ, లోపల తూకం యంత్రం. 2025 జూన్ 1 నుంచి పంపిణీ మళ్లీ రేషన్ దుకాణాలకు మారింది. ఆ పని ఆగిపోగానే ఆ బాడీతో వేరే కిరాయి వెతుక్కోవడం కష్టమైంది. తెరిచిన తొట్టి ఉంటే రేపు మిర్చి, ఎల్లుండి టైల్సు వేసుకోవచ్చు. ప్రత్యేక బాడీ కట్టించేముందు ఆ పని ఎన్నేళ్లు నిలుస్తుందో ఆలోచించాలి.

పాత బండి

చేతిలో డబ్బు తక్కువైతే పాతది కొనడం తప్పేమీ కాదు. కానీ ఈ ప్రాంతంలో తిరిగిన పికప్‌లో కొన్ని గుర్తులు వెతకాలి. వెనక కమాన్లలో కంపెనీ ఇచ్చిన దానికంటే ఎక్కువ పట్టీలు కలిపి ఉంటే ఆ బండి ఏళ్ల తరబడి అధిక బరువు మోసిందని అర్థం. ఛాసిస్ మీద, ముఖ్యంగా క్యాబ్ వెనక భాగంలో, వెల్డింగ్ అతుకులున్నాయేమో బండి కిందికి దూరి చూడాలి. తొట్టి రేకు కింద పురుగుమందుల, ఎరువుల తుప్పు పడుతుంది. అప్పు తీరిన ఎన్ఓసీ, ఆర్‌సీలో హైపోథికేషన్ రద్దు, పెండింగ్ చలానాలు, ఎఫ్‌సీ గడువు కాగితాల్లో సరిచూసుకోవాలి.

కొత్తదైనా పాతదైనా ఖాళీగా తోలి చూడటం వల్ల పెద్దగా తెలిసేది ఉండదు. మీరు రోజూ మోయబోయే సరుకే ఎక్కించి, కాటా వేయించి, మీరు రోజూ తిరగబోయే దారిలోనే ఒకసారి తోలించమని అడగాలి. అమ్మేవాళ్లు అందుకు ఒప్పుకోకపోతే అలాంటి బండి బాడుగకు మాట్లాడుకుని ఒక మిర్చి కోత, ఒక పత్తి తీత తోలి చూస్తే సరిపోతుంది.