పరిణామ సిద్ధాంతం, ఈమాన్: అసలు వివాదం ఎక్కడ?

‘మనిషి కోతి నుంచి పుట్టాడట కదా, మరి ఆదం అలైహిస్సలాం సంగతేంటి?’ బయాలజీ పుస్తకం తెరిచిన ముస్లిం విద్యార్థి ఇంట్లో ఎప్పుడో ఒకరోజు అడిగే ప్రశ్న ఇది. కొందరు పెద్దలు ‘అదంతా కట్టుకథ’ అని కొట్టిపారేస్తారు. ఇంకొందరు ‘సైన్స్ ఒప్పుకుంటే దీన్ వదులుకోవాల్సిందే’ అంటారు. నీట్ సిలబస్‌లో పరిణామం పాఠం ఉంది. మధ్యలో నలిగేది పిల్లలే.

సైన్స్ ఏం చెబుతోంది?

చార్లెస్ డార్విన్ 1859లో ప్రచురించిన పుస్తకంలో ప్రకృతి వరణం గురించి వివరించాడు. మనిషి ఇప్పటి కోతుల నుంచి పుట్టాడని సైన్స్ చెప్పదు. మనిషికీ చింపాంజీకీ లక్షల ఏళ్ల కిందట ఉమ్మడి పూర్వీకులు ఉన్నారని చెబుతుంది. దీనికి ఆధారాలున్నాయి. 2004లో కెనడా ఉత్తర ప్రాంతంలో దొరికిన టిక్టాలిక్ శిలాజం సుమారు 37.5 కోట్ల ఏళ్ల నాటిది. దానికి చేపలా పొలుసులూ రెక్కలూ ఉన్నాయి, నేల మీది జంతువులా మెడ కూడా ఉంది. చింపాంజీకి 48 క్రోమోజోములు, మనిషికి 46. రెండు పాత క్రోమోజోములు అతుక్కుని మనిషిలో రెండో నంబరు క్రోమోజోము ఏర్పడిన గుర్తులు డీఎన్ఏలో కనిపిస్తాయి.

ముస్లిం పండితులు ఏమంటారు?

అందరిదీ ఒకే మాట కాదు. మౌలానా మౌదూదీ లాంటివారు ఈ సిద్ధాంతాన్ని తిరస్కరించారు. కొందరు మొక్కలు, జంతువుల పరిణామాన్ని ఒప్పుకుంటారు కానీ, ఆదం (అ)ను అల్లాహ్ నేరుగా సృష్టించాడని, అది మహిమ కాబట్టి ప్రయోగశాలలో తేలే విషయం కాదని చెబుతారు. అల్జీరియాకు చెందిన ఖగోళ భౌతిక శాస్త్రవేత్త నిధాల్ గెస్సూమ్ లాంటివారు మనిషి పరిణామాన్ని కూడా అంగీకరిస్తారు. అది అల్లాహ్ సృష్టించే తీరేనని వారి వాదన. అంటే వివాదం ఎక్కువగా ఉన్నది మొత్తం సిద్ధాంతం మీద కాదు, మనిషి పుట్టుక మీద.

ఈ చర్చ కొత్తదీ కాదు. పరిసరాలు జంతువులను మారుస్తాయన్న ఆలోచన 9వ శతాబ్దపు బస్రా రచయిత అల్ జాహిజ్ పుస్తకంలో కనిపిస్తుంది. 1929లో హైదరాబాద్ వచ్చి ఉపన్యసించిన అల్లామా ఇక్బాల్ కూడా, పుస్తకంగా వచ్చిన తన ఉపన్యాసాల్లో జాహిజ్‌ను ప్రస్తావించారు.

పాఠం తీసేస్తే సరిపోతుందా?

పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ సైన్స్ పుస్తకంలో పరిణామం భాగాన్ని తీసేశారు. దీన్ని తప్పుబడుతూ 2023 ఏప్రిల్‌లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు బహిరంగ లేఖ మీద సంతకాలు చేశారు. పదితో సైన్స్ చదువు ఆపేసే పిల్లలకు ఈ పాఠం ఇక ఎప్పటికీ అందదన్నది వారి ఆందోళన.

పరీక్షలో అడిగేది సైన్స్ దగ్గరున్న ఆధారాలేంటని. విద్యార్థి వాటిని చదివి, అర్థం చేసుకుని రాయాలి. ఈ లోకాన్ని ఎవరు, ఎందుకు సృష్టించారన్నది ఆ పేపర్‌లో అడగరు. ఆ ప్రశ్నతో పిల్లలు ఇంట్లో గానీ, మస్జిద్‌లో ఆలిమ్ దగ్గర గానీ నోరు విప్పినప్పుడు, గద్దించకుండా కూర్చోబెట్టి మాట్లాడటం పెద్దల పని.