పక్క తడిపే పిల్లలు: శిక్ష నుంచి చికిత్స దాకా

ఐదేళ్ల పిల్లల్లో నూటికి సుమారు పదిహేనుగురు నిద్రలో పక్క తడుపుతారు. పదేళ్లు వచ్చేసరికి ఆ సంఖ్య ఐదుకు దగ్గరవుతుంది. పదిహేనేళ్లు దాటినా ఒకరిద్దరు మిగులుతారు. ఏ చికిత్సా లేకుండానే ఏటా వీరిలో దాదాపు 15 శాతం మంది బాగుపడతారు. ఈ చివరి అంకె వైద్యులను శతాబ్దాల పాటు మోసం చేసింది. మందు ఇచ్చినా, తాయెత్తు కట్టినా, బెత్తంతో కొట్టినా కొందరు పిల్లలు ఎలాగూ బాగుపడేవారే. ఆ ఘనత మాత్రం మందుకో, తాయెత్తుకో, బెత్తానికో దక్కింది. చికిత్స పొందని పిల్లలతో పోల్చి చూసే పద్ధతి వచ్చేదాకా ఈ భ్రమ తొలగలేదు.

సమస్య చాలా పాతది. క్రీ.పూ. 1550 ప్రాంతానికి చెందిన ఈజిప్టు ఎబర్స్ పపైరస్‌లో పిల్లల మూత్రం ఆగకపోవడానికి మందు ఉంది. రోమన్ రచయిత ప్లినీ ఉడికించిన ఎలుకలను పిల్లల ఆహారంలో కలపమన్నాడు. మన శార్ఙ్గధర సంహిత బాలరోగాల జాబితాలో శయ్యామూత్రాన్ని చేర్చింది. 16వ శతాబ్దపు ఆంగ్ల వైద్యుడు థామస్ ఫేయర్ పిల్లల వైద్యగ్రంథంలో కోడిపుంజు గొంతునాళాన్ని పొడిచేసి ఇమ్మన్నాడు. ఈ వరుసలో కొంత అర్థమున్న మందు 19వ శతాబ్దపు బెల్లడోన ఒక్కటే. అందులోని అట్రోపిన్ మూత్రాశయ కండరాన్ని సడలిస్తుంది. అదే గుణమున్న కొత్త మందులను కొందరు పిల్లలకు నేటికీ వాడుతున్నారు. మిగిలినవాటి సంగతి, ముఖ్యంగా మగపిల్లలకు బిగించిన లోహపు పట్టకార్ల సంగతి, ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది.

మందులకంటే ఎక్కువ హాని చేసింది, పక్క తడపడం పిల్లవాడి తప్పు అన్న నమ్మకం. ఇంగ్లండులో బోర్డింగు బడికి ఎనిమిదేళ్ల వయసులో వెళ్లిన జార్జ్ ఆర్వెల్, పక్క తడిపినందుకు తిన్న దెబ్బలను ఆత్మకథాత్మక వ్యాసంలో రాసుకున్నాడు. అది 1952లో, ఆయన మరణానంతరం అచ్చయింది. తన ప్రయత్నం లేకుండానే పాపం చేయడం సాధ్యమని ఆ దెబ్బలు తనకు నేర్పాయన్నది అందులోని సారాంశం.

కెనడాలో ఈ కథ మరీ చీకటిది. ఆదివాసీ పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి ఉంచిన వసతి బడులలో పక్క తడిపినవారిని ఎలా శిక్షించేవారో సత్యాన్వేషణ, సయోధ్య కమిషన్ నమోదు చేసింది. తడిసిన దుప్పటి కప్పుకుని తోటివారి ముందు నిలబడటం, దెబ్బలు, ఎగతాళి: ఇలాంటివి ఎందరో పూర్వ విద్యార్థుల వాంగ్మూలాల్లో కనిపిస్తాయి. అలాంటి బడి ఒకటి 1924 నుంచి 1968 దాకా ఎడ్మంటన్ పక్కనే, సెంట్ ఆల్బర్ట్ దగ్గర నడిచింది. కమిషన్ జరిపిన ఏడు జాతీయ సభల్లో చివరిది 2014 మార్చిలో ఎడ్మంటన్‌లోనే జరిగింది. ఇక్కడ ఒక వైద్య విషయం గుర్తుచేయాలి. అంతకుముందు పక్క తడపని పిల్లలు కూడా ఇల్లు వదలడం, భయం, ఎడబాటు వంటి కుదుపుల తర్వాత మళ్లీ తడపడం మొదలుపెట్టవచ్చు. అంటే కొందరి విషయంలో ఆ లక్షణాన్ని తెచ్చిపెట్టినదీ, దానికి శిక్ష వేసినదీ ఒకే వ్యవస్థ అయి ఉండాలి.

చికిత్సాచరిత్రలో అసలు మలుపు అనుకోకుండా వచ్చింది. 1904లో ఆస్ట్రియన్ బాలవైద్యుడు మైన్‌హార్డ్ ఫాన్ పౌండ్లర్, ఆసుపత్రిలో పక్క తడిసిన వెంటనే నర్సులకు తెలిసేలా ఒక విద్యుత్ గంట అమర్చాడు. నర్సుల సౌకర్యం కోసం పెట్టిన ఆ గంట మోగుతూండగా కొందరు పిల్లలు పక్క తడపడమే మానేశారు. ఆయన దాన్ని గమనించి రాశాడు గాని పెద్దగా ముందుకు తీసుకుపోలేదు. 1938లో అమెరికాలో హోబర్ట్ మౌరర్, విల్లీ మే మౌరర్ దంపతులు అదే సూత్రాన్ని చికిత్సగా మలిచారు. లోహపు జాలీల నడుమ బట్ట పరిచి పిల్లవాడి కింద ఉంచుతారు. బట్ట తడిస్తే విద్యుత్ వలయం పూర్తయి గంట మోగుతుంది. వారు చికిత్స చేసిన 30 మంది పిల్లలూ బాగుపడ్డారు. పావ్లోవ్ కుక్కల లాగా, మూత్రాశయం నిండగానే లేవడం పిల్లలకు అలవాటవుతుందని వారి వివరణ. అయితే బాగుపడిన పిల్లల్లో చాలామంది రాత్రి లేవరు. పొడి పక్క మీద తెల్లవారేదాకా నిద్రపోతారు. వివరణ సరిపోకపోయినా చికిత్స పనిచేసింది.

మనోవిశ్లేషకులు మాత్రం దీన్ని అంగీకరించలేదు. పక్క తడపడం లోపలి సంఘర్షణకు బయటి గుర్తు కాబట్టి, గుర్తును చెరిపితే సంఘర్షణ మరో రూపంలో బయటపడుతుందని వారి వాదం. 1969లో అచ్చయిన బ్రూస్ బేకర్ అధ్యయనంలో అలాంటి కొత్త లక్షణాలేవీ కనిపించలేదు.

ఆ తర్వాత మందుల కాలం. మానసిక కుంగుబాటుకు వాడే ఇమిప్రమిన్ పక్క తడపడాన్నీ తగ్గిస్తుందని 1960లో వెల్లడైంది. కాని మోతాదు మించితే అది గుండె లయను దెబ్బతీసి ప్రాణం తీయగలదు. ఇంట్లో చిన్న తమ్ముడో చెల్లెలో ఉన్నప్పుడు ఆ సీసా అలమరలో ఉండటమే ప్రమాదం. 1967లో ప్రాగ్‌లో తయారైన డెస్మోప్రెసిన్ ఇంతకంటే మెరుగైనది. శరీరంలో సహజంగా రాత్రిపూట పెరిగి మూత్రాన్ని తగ్గించే వేసోప్రెసిన్ హార్మోనుకు ఇది అనుకరణ. ఆ పెరుగుదల కొందరు పిల్లల్లో సరిగా ఉండదని 1980లలో డెన్మార్క్ పరిశోధకులు చూపారు. తల్లిదండ్రులిద్దరికీ చిన్నప్పుడు ఈ సమస్య ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం 77 శాతం, ఒక్కరికే ఉంటే 44 శాతం, ఎవరికీ లేకపోతే 15 శాతం. బెత్తం పట్టుకున్న తండ్రి ముందుగా తన తల్లిని ఒక మాట అడిగి ఉండవలసింది.

డెస్మోప్రెసిన్‌తోనూ జాగ్రత్త తప్పదు. మందు వేసుకుని ఎక్కువ నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయి మూర్ఛలు రావచ్చు. అలాంటి 61 కేసులు, వాటిలో రెండు మరణాలు నమోదయ్యాక, 2007 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ముక్కులో కొట్టే మందును ఈ సమస్యకు వాడవద్దన్నది. మాత్ర మిగిలింది.

ఇన్ని మార్గాల్లో దేన్ని ఎంచుకోవాలి? ఈ లెక్క తేల్చడంలో ఎడ్మంటన్‌కు పాత్ర ఉంది. ప్రపంచవ్యాప్తంగా జరిగిన చికిత్సా పరీక్షలను ఒకచోట చేర్చి తూకం వేసే కాక్రేన్ సంస్థకు పిల్లల ఆరోగ్య విభాగం అల్బర్టా విశ్వవిద్యాలయంలో ఏర్పడింది. ఆ విభాగం తరఫున 2006లో మొదలైన పత్రికలో, పక్క తడపడం మీది కాక్రేన్ సమీక్షలన్నిటినీ సమన్వయించిన వ్యాసం వెలువడింది. దాని రచయితల్లో ఒకరైన డార్సీ కిడూ అదే విశ్వవిద్యాలయంలో పిల్లల మూత్రవ్యవస్థ శస్త్రవైద్యురాలు. 2012లో ఆమె కెనడా వైద్యసంఘం పత్రికలోనూ ఈ సమస్యపై సమీక్ష రాశారు. కాక్రేన్ సమీక్షలు తేల్చింది ఇది: గంట వాడుతున్నప్పుడు మూడింట రెండు వంతుల పిల్లలు బాగుపడతారు, ఆపేశాక కూడా దాదాపు సగం మంది బాగానే ఉంటారు. డెస్మోప్రెసిన్ వారానికి ఒకటో రెండో తడి రాత్రులను వెంటనే తగ్గిస్తుంది. మానేస్తే ఆ తేడా నిలవదు. ఇమిప్రమిన్‌దీ అదే దారి.

అంటే వందేళ్ల తర్వాత కూడా ముందున్నది పౌండ్లర్ గంటే. అయినా అది అన్ని ఇళ్లలో సాగదు. రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. గంట మోగినా చాలామంది పిల్లలు మొదట్లో లేవరు, లేచేది అమ్మానాన్నలే. పిల్లవాణ్ణి లేపి, మరుగుదొడ్డికి నడిపించి, పక్క మార్చి, గంటను మళ్లీ అమర్చాలి. ఒకే గదిలో నలుగురు పడుకునే ఇంట్లో, తెల్లవారుజామున షిఫ్టుకు పోవలసిన తండ్రికి ఇది చిన్న విషయం కాదు. అలసిన కుటుంబం మాత్రను ఎంచుకుంటే తప్పుపట్టలేం. వేసవి శిబిరానికో స్నేహితుడి ఇంట్లో రాత్రి బసకో వెళ్లే పిల్లవాడికి మాత్రే తగినదని కెనడా బాలవైద్యుల సంఘం కూడా అన్నది. పిల్లవాడికే ఇబ్బందిగా లేకపోతే, మలబద్ధకం వంటివి లేవని చూసుకుని, ఏదీ మొదలుపెట్టకుండా ఆగడం కూడా ఒక మార్గమే.